ఆన్‌లైన్ పాఠం ఎప్పుడు పూర్తయినట్టు?

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ పత్రిక విద్యా పుటల్లో ఆన్‌లైన్ కోర్సుల సమాచారం తరచూ కనిపిస్తుంది. ఏ కోర్సు ఎక్కడ దొరుకుతుంది, ఎన్ని వారాలు సాగుతుంది, చివర సర్టిఫికెట్ ఇస్తారా లేదా అన్న వివరాలు పాఠకులకు ఉపయోగపడుతున్నాయి. అయితే చేరిన తర్వాత జరిగే అసలు పని గురించి, అంటే మధ్యమధ్య ప్రశ్నలు అడుగుతూ సాగే పాఠాలను విద్యార్థి ఎలా పూర్తి చేస్తున్నాడు, దాన్ని ఆ కోర్సు నడిపే వ్యవస్థ ఏ లెక్కన పూర్తిగా గుర్తిస్తోంది అన్న విషయం గురించి చర్చ చాలా తక్కువ. ఇలాంటి పాఠాలు తయారుచేయడంలోనూ, వాటిని పూర్తి చేయలేక ఇబ్బంది పడేవారికి సాయం చేయడంలోనూ పాలుపంచుకుంటున్న అధ్యాపకుడిగా ఈ విషయాన్ని కొంచెం వివరంగానే రాస్తున్నాను. పాఠం మధ్యలో ప్రశ్న పెట్టేది నేర్పడానికి. ఆ ప్రశ్నను హాజరు పట్టీలో సంతకంలా మార్చేసినప్పుడు ఏమీ నేర్చుకోనివాడి పాఠం పూర్తయిపోతుంది, శ్రద్ధగా నేర్చుకున్నవాడి పాఠం పూర్తి కానట్టే మిగిలిపోతుంది. ఈ రెండు అన్యాయాలూ ఇప్పుడు విరివిగా జరుగుతున్నాయి.

పాఠంలో ప్రశ్నకు ఈ స్థానం ఎలా వచ్చిందో ముందు గుర్తు చేయాలి. 1920లలో సిడ్నీ ప్రెస్సీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఒక చిన్న యంత్రాన్ని తయారుచేశాడు. కిటికీలాంటి సందులో ఒక ప్రశ్న, నాలుగు జవాబులు కనిపించేవి. విద్యార్థి మీట నొక్కాలి. పరీక్ష పెట్టడానికే కాక నేర్పడానికి కూడా దాన్ని అమర్చుకోవచ్చు. అలా అమర్చినప్పుడు సరైన మీట నొక్కే దాకా తర్వాతి ప్రశ్న వచ్చేది కాదు. 1950లలో బి. ఎఫ్. స్కిన్నర్ బోధన యంత్రాలను ఇంకొక దారిలో నడిపించాడు. ఇచ్చిన జవాబుల్లోంచి ఒకటి ఎంచుకోవడం కన్నా విద్యార్థి తనంతట తానే జవాబు రాయాలన్నది ఆయన పట్టుదల. నమ్మదగినట్టు కనిపించే తప్పు జవాబులను పదేపదే చూపిస్తే అవే మనసులో నిలిచిపోతాయని ఆయన ఆందోళన. అదే దశాబ్దం చివర్లో నార్మన్ క్రౌడర్ మూడో పద్ధతి తెచ్చాడు. తప్పు జవాబు ఎంచుకున్నవాణ్ణి ఆ తప్పు ఎందుకు జరిగిందో చెప్పే ప్రత్యేకమైన పుటకు పంపి, అక్కడి నుంచి మళ్లీ ప్రశ్న దగ్గరికి తీసుకువచ్చేవాడు. 1960లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ బిట్జర్ ఆధ్వర్యంలో మొదలైన ప్లేటో వ్యవస్థ ఈ పనినంతా కంప్యూటర్ మీదికి ఎక్కించింది. ఈ నలుగురికీ మధ్య భేదాలు చాలా ఉన్నాయి. కానీ నలుగురి పనిలోనూ ప్రశ్న బోధనలో భాగంగానే నిలిచింది; విద్యార్థి ఏమి ఆలోచిస్తున్నాడో పాఠానికి తెలియజేసే మార్గం అదొక్కటే.

నేటి కోర్సు వ్యవస్థల్లో ఈ పాత ఆలోచనలన్నీ ఉన్నాయి. 2002లో తొలి పూర్తి రూపంతో విడుదలై, ఎన్నో దేశాల విద్యాసంస్థల్లో వాడుకలో ఉన్న మూడుల్‌నే ఉదాహరణగా తీసుకుందాం. అందులో ‘పాఠం’ అనే అంశాన్ని విషయం చెప్పే పుటలతోనూ, ప్రశ్న అడిగే పుటలతోనూ కూర్చవచ్చు. ఒక్కొక్క జవాబుకూ ఒక్కొక్క దారి పెట్టవచ్చు: ఒప్పయితే ముందుకు, ఒక రకం తప్పయితే ఒక వివరణకు, ఇంకొక రకం తప్పయితే ఇంకొక వివరణకు. క్రౌడర్ కాగితం మీద చేసినది ఇక్కడ రెండు మూడు క్లిక్కులతో అవుతుంది. క్విజ్‌లో అయితే జవాబు తప్పగానే సూచన ఇచ్చి మళ్లీ ప్రయత్నించనిచ్చే పద్ధతి ఉంది, అన్నీ రాశాక చివర్లో మాత్రమే ఫలితం చెప్పే పద్ధతి ఉంది, తన జవాబు మీద తనకెంత నమ్మకం ఉందో కూడా విద్యార్థిని అడిగి దాన్నిబట్టి మార్కులు వేసే పద్ధతీ ఉంది. అందువల్ల సాధనం లేక పాఠాలు ఇలా ఉన్నాయనడానికి వీల్లేదు.

అసలు చిక్కు ‘పూర్తయింది’ అనే టిక్కు గుర్తు దగ్గర వస్తుంది. ఆ గుర్తు ఎప్పుడు పడాలో వ్యవస్థ తనంతట తాను నిర్ణయించదు. కోర్సు తయారుచేసినవారు ఎంచుకున్న షరతునుబట్టి పడుతుంది. పుట తెరిస్తే చాలనవచ్చు, పాఠం చివరి దాకా వెళ్లాలనవచ్చు, ఇన్ని నిమిషాలు గడపాలనవచ్చు, ఏదో ఒక మార్కు రావాలనవచ్చు, ఉత్తీర్ణత మార్కు రావాలనవచ్చు, లేదా విద్యార్థే ‘చేశాను’ అని గుర్తు పెట్టుకోవచ్చనవచ్చు. వీటిలో ప్రతిదానికీ తగిన సందర్భం ఉంది. కానీ కోర్సు విడుదల చేసే తొందరలో అన్నింటికీ ఒకే షరతు పెట్టేయడం, ఆ షరతు ఏమిటో విద్యార్థికి చెప్పకపోవడం మామూలైపోయింది. తెరిస్తే చాలన్న షరతు పెట్టిన చోట, చదవని పుట చదివినట్టు నమోదవుతుంది. నిమిషాల షరతు పెట్టిన చోట పుటను తెరిచి వదిలేసి వేరే పని చూసుకున్నవాడికి గుర్తు పడుతుంది, విషయం ముందే బాగా తెలిసి త్వరగా ముగించినవాడికి మాత్రం పడదు.

ఇక ప్రశ్నల సంగతి. నాలుగు ఆప్షన్లు ఇచ్చి, ఎన్నిసార్లయినా ప్రయత్నించవచ్చని చెప్పి, తప్పగానే ‘తప్పు, మళ్లీ ప్రయత్నించండి’ అన్న ఒక్క మాటతో సరిపెట్టే పాఠాలు ఎన్నో చూశాను. పాఠంలో ఒక్క వాక్యం చదవనివాడు కూడా తప్పయినదాన్ని వదిలేస్తూ నొక్కుకుంటూ పోతే సగటున రెండున్నర ప్రయత్నాల్లో సరైన జవాబును చేరుకుంటాడు, ఎంత దురదృష్టవంతుడైనా నాలుగోసారి తప్పక చేరుకుంటాడు. అవును, కాదు అన్న ప్రశ్నలు పది పెట్టి ఐదు సరైతే ఉత్తీర్ణత అన్నారనుకుందాం. కళ్లు మూసుకుని నొక్కేవారిలో నూటికి 62 మంది దాకా మొదటి ప్రయత్నంలోనే ఉత్తీర్ణులవుతారు. ఇది గణితమే, విద్యార్థుల నిజాయితీ మీద వ్యాఖ్య కాదు. వారిని ఆ దారిలోకి నెట్టింది పాఠం కూర్పే. ఉద్యోగంలో తప్పనిసరి శిక్షణ కింద గడువులోగా పది మాడ్యూళ్లు ముగించాల్సిన మనిషి, లేదా ఒకే వారంలో ఐదు కోర్సుల గడువులు మీద పడిన విద్యార్థి, చదివి ఆలోచించినా చదవకుండా నొక్కినా ఒకే గుర్తు వస్తుందని గ్రహిస్తే ఏ దారి పడతాడో చెప్పనక్కర్లేదు.

దీన్ని మార్చాలంటే ప్రశ్నలు కఠినం చేయాలనో, ప్రయత్నాల సంఖ్య తగ్గించాలనో కొందరు అంటారు. నాకు ఆ రెండూ అసలు మందుగా కనిపించవు. పరీక్షలో ప్రయత్నాలకు పరిమితి పెట్టడం సబబే, పాఠంలో మాత్రం తప్పు చేసే హక్కు విద్యార్థికి ఉండాలి. చేయాల్సింది తప్పుకు తగిన వివరణ రాయడం. చిన్న ఉదాహరణ చెబుతాను. సగానికి మూడో వంతు కలిపితే ఎంత అన్నది ప్రశ్న అనుకుందాం. సరైన జవాబు 5/6. ఆప్షన్లలో 2/5 కూడా పెట్టాలి, ఎందుకంటే పై అంకెలను పై అంకెలతోనూ, కింది అంకెలను కింది అంకెలతోనూ కలిపేసేవారు నిజంగా చాలామంది ఉంటారు. ఆ జవాబు ఎంచుకున్నవారికి ‘తప్పు’ అని చెప్పి ఊరుకుంటే వారు 1/6 నొక్కుతారు, ఆ తర్వాత ఇంకొకటి నొక్కుతారు. అలా కాకుండా, ‘మీరు మొదలుపెట్టినది సగంతో. దానికి ఇంకొంత కలిపారు. వచ్చిన 2/5 సగం కన్నా తక్కువగా ఉంది. కలిపితే తగ్గుతుందా?’ అని అడిగే పుటకు తీసుకువెళితే, ఆ మనిషి తన పద్ధతిలోని లోపాన్ని తానే చూస్తాడు. ఈ నాలుగు వాక్యాలు రాయడానికి పట్టే సమయం తక్కువే. అయితే అవి రాయాలంటే ఆ తప్పు ఎందుకు చేస్తారో తెలిసిన ఉపాధ్యాయుడు కావాలి. అలాంటి ఉపాధ్యాయులకు కోర్సు తయారీలో చోటు ఇవ్వకుండా, పాఠ్యపుస్తకంలోని వాక్యాలను కోసి ప్రశ్నలుగా మార్చే పద్ధతి సాగినంత కాలం, పాఠం ఎంత రంగులతో కదులుతున్నా అందులో బోధన ఉండదు.

జవాబు చెప్పే ప్రయత్నానికే గొప్ప విలువ ఉందని పరిశోధనలు కూడా చెబుతున్నాయి. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే ప్రకటించిన ప్రయోగం ఈ రంగంలో చాలా పేరున్నది. విద్యార్థులకు చిన్న వ్యాసాలు చదవమని ఇచ్చారు. కొందరు అదే వ్యాసాన్ని మళ్లీ చదివారు, కొందరు చూడకుండా గుర్తున్నంత రాశారు. 5 నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ చదివినవారిదే పైచేయి: వారికి 81 శాతం, రాసినవారికి 75 శాతం గుర్తున్నాయి. వారం తర్వాత లెక్క తారుమారైంది. మళ్లీ చదివినవారికి 42 శాతమే మిగిలింది, రాసినవారికి 56 శాతం మిగిలింది. రాసినవారికి ఏది ఒప్పో ఏది తప్పో ఎవరూ చెప్పలేదన్నది కూడా ఇక్కడ గమనించాలి. గుర్తు తెచ్చుకునే ప్రయత్నమే ఆ మేలు చేసింది. అలాగే 2008లో ఆండ్రూ బట్లర్, రోడిగర్ కలిసి ప్రకటించిన పరిశోధన స్కిన్నర్ ఆందోళనకు కొంత సమాధానం ఇచ్చింది. ఆప్షన్ల ప్రశ్నల్లో తాను ఎంచుకున్న తప్పు జవాబునే విద్యార్థి తర్వాత నిజమనుకునే ప్రమాదం ఉందనీ, సరైన జవాబు చెబితే ఆ ప్రమాదం తగ్గుతుందనీ అది చూపింది. కాబట్టి వివరణ లేని ప్రశ్న వల్ల మేలు తగ్గడంతో పాటు కీడు జరిగే అవకాశం కూడా ఉంది. వెంటనే వచ్చిన మార్కు చూసి పాఠం వంటబట్టిందని తీర్పు చెప్పుకోవడం ఎంత తొందరపాటో ఆ 5 నిమిషాల అంకెలే చెబుతున్నాయి. అదే ప్రశ్నను వారం తర్వాత ఇంకొక రూపంలో మళ్లీ అడిగే కోర్సులు ఉంటే బాగుండును, అవి అరుదు.

రెండో అన్యాయం, అంటే నేర్చుకున్నవాడి పని నమోదు కాకపోవడం, సాంకేతికమైనది కనుక దాని గురించి విద్యార్థులకు ఎవరూ చెప్పరు. ఇందులో ఎక్కువ భాగం ఒక సంస్థ తయారుచేసిన పాఠాన్ని ఇంకొక సంస్థ వ్యవస్థలో నడిపేటప్పుడు వస్తుంది. ఆ రెంటి మధ్య సమాచారం ఇచ్చిపుచ్చుకోవడానికి స్కార్మ్ అనే ప్రమాణం ఉంది. 2001లో వచ్చిన దాని 1.2 రూపం ఇప్పటికీ విస్తృతంగా వాడుకలో ఉంది. అందులో పాఠం స్థితిని చెప్పడానికి ఒకే ఒక గడి ఉంది. ‘పూర్తయింది’, ‘ఉత్తీర్ణుడయ్యాడు’ అన్న రెండు వేర్వేరు విషయాలు ఆ ఒక్క గడి కోసమే పోటీపడతాయి. అందువల్ల పాఠం ఒక మాట పంపితే వ్యవస్థ ఇంకొక మాట కోసం ఎదురుచూస్తూ ఉండిపోయే పరిస్థితి వస్తుంది. విద్యార్థి ఎక్కడ ఆపాడో గుర్తుపెట్టుకోవడానికి ఆ రూపంలో ఉన్న చోటు 4096 అక్షరాలే. పొడవైన పాఠంలో ప్రతి జవాబునూ దాచబోతే ఆ చోటు నిండిపోతుంది, తర్వాత తెరిచినప్పుడు పాఠం మొదటికి వస్తుంది. స్కార్మ్ 2004 పూర్తినీ ఉత్తీర్ణతనూ రెండు గడులుగా విడదీసింది. దాని నాలుగో కూర్పులో ఆ చోటు 64,000 అక్షరాలకు పెరిగింది. పరిష్కారం ఇన్నేళ్లుగా అందుబాటులో ఉన్నా పాత పద్ధతిలోనే పాఠాలు తయారుచేయించి, చిక్కు వచ్చినప్పుడు ‘మీ బ్రౌజర్ మార్చి చూడండి’ అని విద్యార్థికే పని చెప్పడం న్యాయంగా లేదు.

విద్యార్థులు తమ వంతుగా పాటించదగిన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. ఒకే పాఠాన్ని రెండు ట్యాబ్‌లలో తెరవకూడదు, చివర మూసినదానిలోని పాత సమాచారం కొత్తదాన్ని చెరిపేయవచ్చు. చివరి పుట కనిపించగానే కిటికీ మూసేయకుండా పాఠంలోనే ఉన్న ‘నిష్క్రమించు’ బటన్ నొక్కి, కోర్సు పుటకు తిరిగివచ్చి గుర్తు పడిందో లేదో చూసుకోవాలి. మూడుల్ క్విజ్‌లో చివరి ప్రశ్నకు జవాబు ఇవ్వడంతో పని ముగియదు. సారాంశం పుటలో అన్నీ సమర్పించి ముగించే బటన్ వేరుగా ఉంటుంది. దాన్ని నొక్కకపోతే ప్రయత్నం ‘జరుగుతోంది’ అన్న స్థితిలోనే ఉంటుంది. గడువు దాటగానే దానంతట అదే సమర్పణ అవుతుందా, లేక సమర్పించని జవాబులు లెక్కలోకే రావా అన్నది కోర్సు నడిపేవారు పెట్టిన అమరికను బట్టి ఉంటుంది కనుక అదృష్టం మీద ఆధారపడకూడదు. వ్యాస రూపంలో జవాబు అడిగిన చోట ఉపాధ్యాయుడు స్వయంగా దిద్దే వరకు మార్కు రాదు, మార్కు షరతు ఉంటే గుర్తూ పడదు. అక్కడ కంగారు పడి మళ్లీ మళ్లీ చేయనక్కర్లేదు. ముఖ్యమైన పాఠం ముగిశాక తెర బొమ్మ ఒకటి తీసి ఉంచుకోవడం మంచిది.

ఇంత జాగ్రత్తపడినా, జవాబును టైప్ చేయమని అడిగే ప్రశ్నల్లో ఒక చిక్కు మిగులుతుంది. వ్యవస్థ విద్యార్థి రాసినదాన్ని ముందే రాసిపెట్టిన జవాబుతో అక్షరం అక్షరం పోల్చి చూస్తుంది. మధ్యలో ఒక ఖాళీ ఎక్కువైనా, చివర చుక్క పెట్టినా, ఒప్పుకునే రూపాల జాబితాలో అది లేకపోతే జవాబు తప్పవుతుంది. మన లిపిలాంటి వాటిలో ఈ బాధ ఇంకా ఎక్కువ. అక్షరాలు ఒత్తుగా కలవకుండా ఆపడానికి కీబోర్డు చేర్చే కంటికి కనిపించని గుర్తు ఒకరి జవాబులో ఉండి ఇంకొకరి జవాబులో లేకపోతే, తెర మీద ఒకేలా కనిపించే రెండు మాటలు కంప్యూటర్ దృష్టిలో వేర్వేరు అయిపోతాయి. సరైన జవాబు రాసి తప్పని అనిపించుకున్న విద్యార్థి తన చదువునే అనుమానిస్తాడు. అక్షర దోషాలను, అదనపు మాటలను, మాటల క్రమంలో తేడాను సహించి జవాబును గుర్తించే ఏర్పాటు ప్లేటో వ్యవస్థ కోసం 1960లలోనే రూపొందిన ట్యూటర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఉండేదని గుర్తు చేసుకుంటే, ఇప్పటి మన ఉదాసీనతకు సాకు దొరకదు. కోర్సు నడిపేవారు కనీసం మొదటి బృందం ముగించాక తప్పుగా నమోదైన జవాబులన్నీ ఒకసారి చదవాలి. ఏ ప్రశ్నకు ఎంతమంది సరిగ్గా చెప్పారు, బాగా చదివేవారే తప్పు చెబుతున్న ప్రశ్న ఏది అన్న గణాంకాలను చాలా వ్యవస్థలు తామే లెక్కగట్టి ఇస్తాయి. మంచి విద్యార్థులందరూ తప్పు చెప్పిన ప్రశ్నలో తప్పు సాధారణంగా ప్రశ్నదే.

చూపు, చేతి కదలిక సరిగా లేనివారి సంగతి కూడా ఇందులోనే చెప్పాలి. బొమ్మలను వేలితో లాగి సరైన చోట వదలమనే ప్రశ్నలు చూడ ముచ్చటగా ఉంటాయి, కానీ వణికే చేతికి అవి దాటలేని గోడలు. 2023 అక్టోబరులో వెలువడిన వెబ్ అందుబాటు మార్గదర్శకాల 2.2 రూపం, లాగకుండా ఒక్కొక్క నొక్కుతో కూడా ఆ పని చేయగలిగే ఏర్పాటు ఉండాలని చెబుతోంది. అదే మార్గదర్శకాలు కాల పరిమితి తప్పనిసరి కాని చోట దాన్ని ఆపుకునే లేదా పెంచుకునే వీలు ఉండాలని కూడా అంటున్నాయి. ఒక ప్రశ్న రూపం వల్లనే పాఠం మధ్యలో ఆగిపోయినవారిని ‘పూర్తి చేయనివారు’ అని లెక్కగట్టడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

కోర్సులు నడిపే సంస్థలను నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. ప్రతి పాఠం మొదటి పుటలోనే, ఇది ఎప్పుడు పూర్తయినట్టు లెక్కిస్తారో, ఎన్ని ప్రయత్నాలు ఉన్నాయో, మధ్యలో ఆపితే ఎక్కడి నుంచి మొదలవుతుందో రెండు మూడు వాక్యాల్లో రాయాలి. నేర్పే ప్రశ్నలను, మార్కులు వేసే ప్రశ్నలను వేరు చేయాలి. నేర్పే ప్రశ్నలో ప్రతి తప్పు ఆప్షన్‌కూ దానికే చెందిన వివరణ ఉండాలి. అంత వివరణ రాయలేనప్పుడు ప్రశ్నల సంఖ్య తగ్గించుకోవాలి. విద్యార్థి ముగించిన పాఠం నమోదు కాకపోతే దాన్ని పరిశీలించి చేతితో సరిదిద్దే అధికారం ఉన్న మనిషి ఒకరు ఉండాలి, ఆ మనిషిని ఎలా సంప్రదించాలో విద్యార్థికి తెలియాలి. ఇంతమంది పూర్తి చేశారని ప్రకటించుకునే సంస్థలు, ఏ షరతు మీద పూర్తి చేశారో కూడా ఆ ప్రకటనలోనే చెప్పాలి.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. విద్యా పుటలో కోర్సును పరిచయం చేసేటప్పుడు వ్యవధి, రుసుము, సర్టిఫికెట్ వివరాలతో పాటు, అందులోని పాఠాల్లో ప్రశ్నలు ఎలా ఉన్నాయి, తప్పు జవాబుకు వివరణ ఇస్తున్నారా, పూర్తిని దేనినిబట్టి నిర్ణయిస్తున్నారు అన్న మూడు సంగతులను నిర్వాహకులను అడిగి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. నిర్వాహకులు సమాధానం ఇవ్వకపోతే ఇవ్వలేదన్న మాటనే వేయండి. చేరాలా వద్దా అన్నది నిర్ణయించుకోవడానికి అది కూడా పాఠకుడికి పనికొస్తుంది.

ఇట్లు,
ఒక అధ్యాపకుడు